టోబా సరస్సులో నీళ్లు వేడిగా ఉంటాయా?

ఉండవు. ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలిన చోట ఏర్పడిన సరస్సే అయినా, నీళ్లు హాయిగా ఈత కొట్టేంత చల్లగానే ఉంటాయి. సుమారు 74,000 ఏళ్ల క్రితం భారీ పేలుడుతో అడుగున శిలాద్రవం ఖాళీ అయి, పైనేల కుంగింది. దాదాపు 100 కిలోమీటర్ల పొడవున్న ఆ గుంటలో చేరింది వాననీళ్లే. (అప్పటి బూడిద మన నంద్యాల జిల్లా జ్వాలాపురం దాకా వచ్చి పడింది!) పైగా సరస్సు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున, ఇంచుమించు అరకంత ఎత్తులో ఉంది. విశాఖ బీచ్ రోడ్డులో చెమటలు తుడుచుకుని బయల్దేరినవాళ్లు అరకులో పొద్దున్నే స్వెటర్ వెతుక్కుంటారు కదా, అలాగే. అగ్నిపర్వత సరస్సంటే సలసల మరుగుతుందనుకోవడం పొరపాటు. వేడినీటి ఊటలు పంగురురాన్ అనే ఊరి దగ్గర, గట్టు మీద విడిగా ఉన్నాయి.