అమీర్‌పేటకు పంపే ముందు

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం. బ్యాంకు మాక్ టెస్టుల్లో లెక్కలు బాగానే చేస్తుంది, ఇంగ్లిష్‌లో తప్పులు పట్టే ప్రశ్నలే పోతున్నాయి. 'నీకు ఇంగ్లిష్ రాదు' అని అందరి ముందు అరిచినా మార్పు లేదు. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేర్చాలా, ఇక్కడే బ్యాంక్ కోచింగ్ ఇప్పించాలా? పేపర్లు జతచేశాను.
– ఒక తండ్రి, పరకాల

జవాబు: అన్నా, తెలుగు మీడియంలో చదివించి పిల్లకు అన్యాయం చేశానా అన్నదే మీ అసలు టెన్షన్. చేయలేదు. కానీ నలుగురిలో అరవడం మాత్రం తప్పే. అలా అరిస్తే ఏ పిల్లకు ఇంగ్లిష్ వస్తుంది?

పేపర్లు చూశాను. పోయిన మార్కులు చాలావరకు ఒక్క దగ్గరే. 'ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల ధర' అన్నప్పుడు మన దగ్గర వర్ణనంతా ముందుంటుంది, అసలు నామవాచకం 'ధర' చివర్లో క్రియను ఆనుకుని ఉంటుంది. ఇంగ్లిష్‌లో తలకిందులు. 'ద ప్రైస్ ఆఫ్ చిల్లీ బ్యాగ్స్' అని ధర ముందే వచ్చేస్తుంది, క్రియ పక్కన బస్తాలు మిగులుతాయి. మీ అమ్మాయి అలవాటుగా పక్కనున్న మాట చూసి 'ఆర్' పెడుతోంది. ధర ఒక్కటే కాబట్టి 'ఈజ్' రావాలి.

ఇంకోటి, 'వాకింగ్ టు ద బస్ స్టాండ్, ద రెయిన్ స్టార్టెడ్'. దీన్ని సరైనదే అనుకుంది. 'బస్టాండుకు నడుస్తుంటే వాన మొదలైంది' అని మనం అంటాం కదా! అయితే ఇక్కడి 'వాకింగ్' మన 'నడుస్తూ' లాంటిది, కామా తర్వాత వచ్చే కర్తకే అతుక్కుంటుంది. 'నడుస్తూ వాన మొదలైంది' అని చదివి వినిపించండి, తనే నవ్వుతుంది. 'యాజ్ ఐ వాజ్ వాకింగ్' అంటే సరిపోతుంది.

స్పోకెన్ ఇంగ్లిష్ మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఒకప్పుడు నేనూ కొందరిని పంపాను. హాస్టల్ ఫీజులు కట్టి, బట్టీపట్టిన స్వపరిచయంతో తిరిగొచ్చారు, అదీ 'మై నేమ్ ఈజ్' అనాల్సిన చోట 'మైసెల్ఫ్' అంటూనే. బెరుకు పోతుందేమో గానీ, ఏ వర్ణన ఏ నామవాచకానిదో అక్కడ అడిగేవారు తక్కువ. హన్మకొండ కోచింగ్ చాలు, పిల్లలు రాసిన వాక్యాలు దిద్దే సారు ఉంటేనే చేర్చండి.

ఈలోగా రోజూ ఇంగ్లిష్ న్యూస్‌పేపర్లో ఒక పేరా తీసుకుని, క్రియ కింద గీత గీసి, దాని నామవాచకం వెతకమనండి. రెండు నెలలయ్యాక కొత్త పేపర్లు పంపండి. ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయనివ్వండి.