ఐసీయూ వైద్యులకు పరిశోధన చేసే వీలుంటుందా?
శ్రీకాకుళంలో ఎంబీబీఎస్ చదువుతున్న మీరు, ఊపిరితిత్తులు, క్రిటికల్ కేర్ వైపు వెళితే పరిశోధనకు చోటుంటుందా అని అడిగారు. తప్పకుండా ఉంటుంది. ఈ రంగంలో పరిశోధన రోగి మంచం పక్కనే పుడుతుంది.

1967లో అమెరికా వైద్యులు కేవలం 12 మంది రోగులను శ్రద్ధగా గమనించి, నేడు ఏఆర్‌డీఎస్ అంటున్న, ఊపిరితిత్తులు హఠాత్తుగా విఫలమయ్యే ప్రాణాంతక స్థితిని వర్ణించారు. 2000లో వెలువడిన మరో అధ్యయనం ఇదే స్థితిలో ఉన్న 861 మంది రోగులపై జరిగింది. వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు పంపే గాలిని, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్లకు బదులు 6 మాత్రమే ఇచ్చి చూశారు. మరణాలు దాదాపు 40 శాతం ఉండాల్సిన చోట 31 శాతమే ఉన్నాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రమూ లేదు! నన్ను ఇప్పటికీ కదిలించే ఫలితమిది.

ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీ, ఆపైన మూడేళ్ల డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు. ఎండీలో రాయాల్సిన థీసిస్‌ను దయచేసి మొక్కుబడిగా ముగించకండి.

ప్రశ్నల కోసం దూరం వెళ్లక్కర్లేదు. పలాస జీడి పరిశ్రమల పొగ, విజయనగరం జూట్ మిల్లుల ధూళి కార్మికుల శ్వాసను ఏం చేస్తున్నాయి? ఉద్దానం కిడ్నీ రోగుల ఊపిరితిత్తుల్లో నీరు చేరడాన్ని ముందే పసిగట్టగలమా? ఇప్పటి నుంచే గణాంకశాస్త్రం నేర్చుకోండి. ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే స్వల్పకాలిక పరిశోధన పథకం గురించి మీ కళాశాల అధ్యాపకులను అడగండి.