మీ బండి ప్రశ్న: పొద్దుగాల పోండి, చెప్పకుండా పోండి

ప్రశ్న: అన్నా, నమస్తే. ఇంట్లో ఆరుగురం ఉంటాం. నల్లగొండలో పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీ దగ్గర 2016 మోడల్ ఎర్టిగా డీజిల్ చూశాను. మీటర్ మీద 78 వేలు ఉంది, సెకండ్ ఓనర్ అంటున్నారు. కొత్త సీటు కవర్లు, పైన పాలిష్, అద్దంలా మెరుస్తోంది. రేపటికల్లా బయానా ఇవ్వకపోతే వేరేవాళ్లు తీసుకుపోతారట. ఏమేం చూసుకోవాలి?
– ఓ పాఠకుడు, హాలియా

జవాబు: ముందు బయానా సంగతి. ఇవ్వకండి. రేపే పోతుందన్న బండి వారం తర్వాత కూడా అక్కడే ఉంటుంది, ఒకవేళ పోయినా ఎర్టిగాలకు కరువేం లేదు.

పొద్దుగాల, వాళ్లు షట్టర్ తీసే టైముకే పోండి, వస్తున్నానని ఫోన్ చేయకండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీకంటే ముందే ఎవరో స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, అలాంటప్పుడు టీ తాగి వచ్చేయండి, ఇంకో రోజు చూసుకుందాం. ఎందుకింత పట్టుదల అంటే, డీజిల్ ఇంజన్ రోగాలన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, ఒకసారి వేడెక్కిందంటే ముసలి ఇంజన్ కూడా బుద్ధిమంతురాలైపోతుంది. చల్లటి ఇంజన్‌కు సెల్ఫ్ కొడితే ఒకటి రెండు తిప్పుల్లో అందుకోవాలి. ఈ 1.3 లీటర్ ఇంజన్‌లో బెల్టు ఉండదు, టైమింగ్ చెయిన్ ఉంటుంది. ఆయిల్ టైముకు మార్చని బండి అయితే ఆ చెయిన్ సాగి, స్టార్ట్ అయిన మొదటి క్షణాల్లో ముందువైపు నుంచి గరగరమని వినిపిస్తుంది. పాట పెట్టి చూపిస్తే ముందు ఆ స్టీరియో కట్టేయమనండి.

తర్వాత వెనక్కి పోయి పొగ చూడండి. ఎక్స్‌లేటర్ గట్టిగా తొక్కినప్పుడు కాస్త నల్లగా రావడం పాత డీజిల్‌కు మామూలే, అదే ఆగకుండా వస్తుంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లైనా, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వైనా, కనీసం ఎయిర్ ఫిల్టరైనా చూడాలి. నీలంగా వస్తే ఆయిల్ తింటోంది. తెల్లపొగ చలికాలం పొద్దున కాసేపు వస్తే భయం లేదు కానీ ఇంజన్ వేడెక్కాక కూడా వస్తుంటే ఆ బండిని వదిలేయండి.

ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, బోర్లా ఆ రంధ్రం మీదే పెట్టండి. కొంచెం కదలాడితే ఫర్వాలేదు. ఎగిరి పడినా, లోపలి నుంచి బుస్సుబుస్సుమని పొగ కొట్టినా బ్యాక్ కంప్రెషన్ ఉంది, అంటే సిలిండర్లు అరిగి గ్యాస్ కిందికి దిగుతోంది, ఇంజన్ బోర్ పనికి వచ్చిందన్నమాట. ఈ ఒక్క పరీక్ష చేస్తుంటే అమ్మేవాడి ముఖం కూడా గమనించండి, చాలా సంగతులు అక్కడే తెలుస్తాయి.

మన వైపు బండ్లకు ప్రత్యేకంగా చూడాల్సింది రేడియేటర్. కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసి నడిపించేవాళ్లు మన దగ్గర చాలామంది, ఆ నీళ్లు ఎలాంటివో నల్లగొండ జిల్లావాళ్లకు నేను చెప్పాలా! బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మూత తీయండి. లోపల ఆకుపచ్చో ఎరుపో స్వచ్ఛంగా కనబడాలి. తుప్పు రంగు నీళ్లు, మూత అంచున నీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టు తెల్లపొర ఉంటే లోపలి గొట్టాలు కూడా అలాగే పూడి ఉంటాయి. మేలో ఏసీ వేసుకుని ఆరుగురితో హైదరాబాద్ పోతుంటే దారిలో ఇంజన్ వేడెక్కిపోతుంది. నీళ్ల మీద జిడ్డు తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని అనుమానం, ఇంక మాట్లాడేదేం లేదు.

ఇప్పుడు ఆ 78 వేలు. డీజిల్ బండి కొనేవాడు తిరగడానికే కొంటాడు, పైగా ఆ కాలపు ఎర్టిగాలు ట్రావెల్స్‌లో బాగా నడిచాయి, ట్యాక్సీ ఎల్లో ప్లేట్ నుంచి సొంత బండి వైట్‌కు మార్చినవీ ఉన్నాయి. మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్ పని. కొత్త సీటు కవర్ ఎత్తి డ్రైవర్ సీటు అంచున స్పాంజి నలిగిందేమో, క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిందేమో చూడండి. అన్నిటికంటే ఆర్‌సీ ఓనర్‌తో మాట్లాడి షోరూమ్ సర్వీస్ హిస్టరీ తీయించండి, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లకు ఆయిల్ మార్చారో అందులో ఉంటుంది. నన్నడిగితే రికార్డు ఉన్న లక్షన్నర కిలోమీటర్ల బండికి డబ్బు పెడతాను గానీ ఏ కాగితమూ లేని 78 వేల బండికి పెట్టను.

నడిపి చూడ్డానికి ఊళ్లో ఒక రౌండ్ చాలదు. నార్కట్‌పల్లి దాకా పోయి రండి, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని మరీ. ఈ ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం లోపు మందంగానే ఉంటుంది, అది లోపం కాదు. ఆ తర్వాత కూడా లాగకపోతే టర్బోనో, దాని పైపులో లీకో. నాలుగో గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడు ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి.

కాగితాల్లో ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీ మీద ఫైనాన్స్ తీయించే ఫారం 35 కావాలి. పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకం ఆర్‌సీలో ఉన్న మనిషిదే కావాలి, కన్సల్టెన్సీ అతనిది కాదు. చలాన్లు ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి, నో క్లెయిమ్ బోనస్ మాత్రం పాత ఓనర్‌దే, మీకు రాదు.

అడగలేదు గానీ ఒక మాట. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద కంట్రోల్ ఎత్తేశాక పెట్రోలుతో పాత రోజుల్లో ఉన్నంత తేడా ఇప్పుడు లేదు. పెళ్లిళ్లకు, యాదగిరిగుట్టకు తప్ప బండి బయటికి తీయనివాళ్లైతే పెట్రోల్ ఎర్టిగానే చూసుకోండి, రిపేర్ల టెన్షన్ తక్కువ.

ప్రశ్న: నేను ఫంక్షన్లకు పూల డెకరేషన్ చేస్తాను. ఏపీ 22 నంబరుతో 2008 ఇండిగో మెరీనా డీజిల్ చాలా తక్కువకు వస్తోంది. వెనక జాగా బాగా నచ్చింది. తీసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: చెల్లె, వెనక అంత జాగా ఉన్న కారు ఆ ధరకు ఇంకోటి దొరకదు, అది నిజం. ఇంజన్ సంగతి కూడా భయం లేదు, పాత టాటా డీజిల్ తెలిసిన మేస్త్రీలు మహబూబ్‌నగర్‌లో దొరుకుతారు. చిక్కంతా ఆ వెనక భాగంతోనే. మెరీనా తయారీ ఎప్పుడో ఆగిపోయింది, దాని డిక్కీ డోరు, వెనక అద్దం, లైట్లు పగిలితే స్క్రాప్‌లో వెతుక్కోవాల్సిందే. కాబట్టి అవి బాగున్నాయో లేదో ముందు చూడండి. డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంతలో తుప్పు ఉందేమో గోటితో గీకండి. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్, కర్నూలు వైపు మునిగిన బండ్లు లెక్కలేనన్ని, సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు, మూలల్లో ఎండిన ఒండ్రు కనబడితే వద్దు.

ఇంకోటి, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2023లోనే అయిపోయింది. ఐదేళ్లకు రెన్యువల్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఉంటేనే మాట్లాడండి. ‘మీరు కొన్నాక చేయిస్తాం’ అంటే నమ్మకండి. రెన్యువల్ ఉన్నా, ఎంత కాదన్నా 2028లో మళ్లీ ఫిట్‌నెస్ కోసం తిరగాలి. నా ఓటు పాత పెట్రోల్ మారుతి ఈకో వ్యాన్‌కే.

ప్రశ్న: ఢిల్లీ నంబరు 2014 ఇన్నోవా, మన దగ్గరి ధరలో సగానికే ఇస్తామంటున్నారు. మోసమా?
– ఓ పాఠకుడు, గద్వాల

జవాబు: మోసమే కానక్కర్లేదు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. తర్వాత సడలింపులు వచ్చినా అక్కడివాళ్లు భయపడి చౌకగా వదిలించుకుంటున్నారు. అయితే అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అది ఎంతో ముందే గద్వాల ఆర్‌టీఏలో కనుక్కుని ధరలో కలిపి చూడండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఈ 2.5 ఇన్నోవాకు చెయిన్ కాదు, టైమింగ్ బెల్టు. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు తీసేసి బేరం ఆడండి.