చిన్నా, ఆ గోడకి అప్పుడే రంగు వెయ్యకు

చిన్నా,

ఈ ఆదివారం నువ్వే పడగ్గది గోడకి పట్టిన నల్ల బూజు గీకి రంగు వేసేస్తావట, పొద్దున మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తాగిన గ్లాసు సింకులో పెట్టమంటే పది సాకులు చెప్పినవాడివి, పుట్టబోయే బిడ్డ కోసం బ్రష్షు పడుతున్నావంటే ముచ్చటేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెలో రాయి పడింది. గీకడమేంట్రా, పొడి గోడని?

సాలెగూళ్ళకీ, గోడకి పట్టే ఈ నల్లచుక్కలకీ బూజు అనే ఒక్క మాటే ఉండటంతో వచ్చిన తంటా ఇది. మూలల్లో వేలాడే బూజు దులిపితే పోతుంది. గోడ మీద నల్లచుక్కలుగా పట్టే బూజుని దులిపితే ఇల్లంతా చేరుతుంది, దాని బీజాలు కంటికి కనపడకుండా గాల్లో లేస్తాయి. గ్లవ్స్, ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకుని సబ్బునీళ్ళతో తడిపి తుడువు, ఆ గుడ్డ కవర్లో మూటగట్టి పారెయ్. కిటికీ తెరువు, గది తలుపు మూసెయ్, కోడల్ని ఆ పూట అటు రానీకు. బ్లీచింగ్‌లో బాత్రూమ్ యాసిడ్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ కలిపావంటే విషవాయువు వస్తుంది, జాగ్రత్త. బూజు మూడడుగులకి మూడడుగులు మించి ఉంటే నువ్వు ముట్టుకోకు, తెలిసినవాళ్ళని పిలువు.

ఇక నా ఘనకార్యం విను. మీ అక్కకి మూడేళ్ళప్పుడు బయటి గోడకి ఆనించి చెక్క బీరువా పెట్టాం, వెనక వేలు దూరే సందు కూడా లేదు. ఒకరోజు దాని కిందకి దొర్లిన బంతి కోసం జరిపితే గోడంతా మసి పూసినట్టుంది, బీరువా వెనక చెక్క బొటనవేలితో నొక్కితే దిగిపోయింది. మర్నాడు ఇంటికి మనుషులొస్తున్నారు, చూస్తే ఏమనుకుంటారో అని నా టెన్షన్. గబగబా తుడిచి, ఆరిందో లేదో కూడా చూడకుండా రెండు కోట్లు తెల్లరంగు కొట్టి, బీరువా మళ్ళీ అక్కడికే నెట్టేశాను. రెండు నెలలు తిరక్కుండా రంగు పొక్కుల్లా లేచింది, గోటితో గిల్లితే లోపల మళ్ళీ అదే నలుపు.

ఆ రెండు నెలలూ పిల్ల రాత్రిళ్ళు దగ్గుతూనే ఉంది. నీళ్ళలో ఆడుతోందని దాన్నే తిట్టాను. డాక్టరుగారు “పాప పడుకునే గదిలో గోడలు చెమ్మగా ఉన్నాయా?” అని అడిగితే, సిగ్గేసి, లేవండీ అన్నాను. మంచం వేరే గదిలోకి మార్చాక దగ్గు తగ్గింది కానీ, ఆ ‘లేవండీ’ ఇప్పటికీ నా చెవిలో వినపడుతుంది.

పైకప్పు కారుతోందనుకుని మీ పెదనాన్న పైకెక్కి చూసొచ్చారు కూడా. తీరా చూస్తే గోడే చెమర్చేది. చలని కిటికీలు మూసి, తడిబట్టలు ఆ గదిలోనే ఆరేసేదాన్ని. చల్లటి నీళ్ళ గ్లాసుకి బయట చెమట పట్టినట్టే, గదిలో తేమగాలి చల్లటి గోడకి తగిలి నీరైపోతుంది. బీరువా వెనక గాలి ఆడదు, ఆరే దారే లేదు. ఎన్ని కోట్లు కొడితే ఏం లాభం!

అందుకే రంగు డబ్బా పక్కన పెట్టి, తుడిచిన చోటు ఆరాక జానెడు అల్యూమినియం ఫాయిల్ నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలెయ్. గదివైపు తడి కనిపిస్తే గాలిలో తేమ. గోడవైపు తడిసిందా, నీళ్ళు గోడ లోపల్నించే వస్తున్నాయి, ముందు పైపులో, కప్పో చూపించాలి.

గాలి తేమైతే మందు మన చేతిలోనే ఉంది. బట్టలు బయట ఆరెయ్యండి, గిన్నెల మీద మూతలు పెట్టండి, స్నానమయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గదిలో పెట్టు, 60 శాతం దాటనివ్వకు, 50 దగ్గరుంటే ఇంకా మంచిది. వానరోజుల్లో బయటి గాలే తడిగా ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి లాభం లేదు, అప్పుడు గాలిలో తేమ లాగేసే మిషను, డీహ్యూమిడిఫయర్, పనికొస్తుంది. బీరువాకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంచు. ఉయ్యాల మాత్రం బయటి గోడ దరిదాపుల్లో వద్దు, ఈ ఒక్కటీ నా మాట విను నాన్నా.

డాక్టరుతో అబద్ధమాడిన సంగతి మీ అక్కకి చెప్పకు, ఎప్పుడో నేనే చెప్పుకుంటాను. ఫాయిల్ ఊడదీసినప్పుడు ఫోటో పంపు, రెండు వైపులా తీసి.

మీ పెద్దమ్మ