హిమనీనదమా, హిమానీనదమా?

సందేహం: పర్వతాల మీది మంచును తొలిచి, పాతకాలపు వాతావరణాన్నీ కాలుష్యాన్నీ తెలుసుకునే పాఠం చెబుతూ 'ఐస్ కోర్'ను 'హిమగర్భం' అన్నాను. అది సరైనదేనా? గ్లేసియర్‌ను హిమనీనదం అనాలా, హిమానీనదం అనాలా?
– ఒక ఉపాధ్యాయిని, ఆమదాలవలస

సమాధానం: అమ్మా, రెండవ ప్రశ్నకు జవాబు సులువు. హిమానీనదమే సాధువు. అమరకోశం 'హిమానీ హిమసంహతిః' అంటుంది; అంటే మంచురాశి. పెద్ద అరణ్యం అరణ్యానీ అయినట్లే పెద్ద హిమం హిమానీ. హ్రస్వంతో రాయడం ఎంత వాడుకలో ఉన్నా దిద్దుకోవడమే మేలు.

'హిమగర్భం' మాత్రం నాకు నచ్చలేదు. భూగర్భం, సముద్రగర్భం విన్న పిల్లలు దాన్ని కొండ లోపలి చోటు అనుకుంటారు. ఇదేమో బయటికి తీసిన వస్తువు. మన ఊళ్లలో బోరు వేస్తే రాయి పిండిపిండై పైకి చిమ్ముతుంది. ఇక్కడ అంచున పళ్లున్న బోలు గొట్టం చుట్టూ మాత్రమే కోసుకుంటూ దిగుతుంది కనుక, నడుమనున్న గడ్డ చెదరకుండా, సాధారణంగా 10 సెంటీమీటర్ల మందాన, గుండ్రంగా గొట్టంలో నిలుస్తుంది. అందుకే నేను 'మంచు దుంగ' అంటాను. మాను దుంగలో వలయాలు లెక్కపెట్టినట్లే ఇందులో ఏటేటా కురిసిన పొరలను లెక్కిస్తారు కాబట్టి పోలిక కూడా కుదురుతుంది.

ఆ పొరల్లో మన కథ కూడా ఉంది. హిమాలయాల్లో సుమారు 7,200 మీటర్ల ఎత్తున ఉన్న దాసువోపు హిమానీనదం నుంచి 1997లో తీసిన దుంగల్లో 1790 తర్వాతి కొన్నేళ్ల పొరలు దుమ్ముతో నిండి ఉన్నాయి. రుతుపవనాలు మొహం చాటేసి, ఉత్తర సర్కారులు, అంటే నాటి మన కోస్తా జిల్లాలు, కరవుతో అల్లాడిన రోజులవి. అదే దుంగలో 1780 ప్రాంతం నుంచే విషలోహాల మోతాదు పెరగడం కనబడింది. యూరపులో కాల్చిన బొగ్గు మసి పడమటి గాలుల వెంట అంత దూరం వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. పిల్లలకు ఈ రెండు పొరల సంగతీ తప్పక చెప్పండి.

ఒక్క జాగ్రత్త. మన వైపు 'మంచు' అంటే తెల్లవారి నాగావళి మీద కమ్ముకునేది, పలాస రైతు 'మంచుకు జీడిపూత మాడిపోయింది' అన్నప్పటిది. అందుచేత మొదటిసారి 'మంచుగడ్డ దుంగ' అని విడమరిచి చెప్పి, ఆ తర్వాత 'మంచు దుంగ' అనండి. పై తరగతుల వారికి 'కోర్' అనే మాటనూ పరిచయం చేయండి.