గొడవపడి 12 ఏళ్లుగా పిల్లలతో మాటల్లేని నాన్న ఇప్పుడు మంచాన పడ్డారు: నా సమాధానం

పక్షవాతం వచ్చిన నాన్న బాధ్యతంతా మీ మీదే పడింది, తమ్ముడేమో ఆయన ముఖం చూడనంటున్నాడు అని రాశారు కదండీ. చూసుకున్నంత మాత్రాన ఆయన్ని క్షమించినట్టు కాదు, ఈ మాట తమ్ముడికి కూడా చెప్పండి, చాలామంది ఆ భయంతోనే దగ్గరికి రారు. ఎదురుగా రమ్మని పట్టుబట్టకుండా మందులు, బిల్లులు, డాక్టర్‌తో ఫోన్లు అతనికి అప్పగించండి. ఖర్చులు ఇద్దరికీ కనిపించేలా రాసుకోండి, లేకపోతే పాత గొడవకు కొత్తది తోడవుతుంది. ఇక రాత్రుళ్లు. కదలలేని మనిషిని సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పకపోతే ఒళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, రోజూ అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, మా అమ్మకు 6 నెలలు ఒంటరిగా చేసి నేనే మంచాన పడ్డాను. రాత్రికి ఒక మనిషిని పెట్టుకోండి, ఆ డబ్బులో తమ్ముడి వాటా ఈ వారమే అడగండి.