సెక్యూరిటీ ఉద్యోగంలో మీకు బాగా గుర్తుండిపోయిన సందర్శకులెవరు?

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ రోజుల్లో ఒక ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ గేటు దగ్గర డ్యూటీ చేశాను. తాగొచ్చి గొడవపడ్డవాళ్ల ముఖాలు ఒక్కటీ గుర్తులేవు. గుర్తున్నది ఒక నాలుగేళ్ల పిల్లాడు.

ఒక కాలికే చెప్పు, పిడికిట్లో నలిగిన టికెట్ ముక్క. పేరడిగితే "అమ్మ" అంటాడు, అంతే. తప్పిపోయిన పిల్లల్ని వెంటబెట్టుకుని జనంలో తిరగకూడదు. దొరికిన చోటే ఉంచాలి, ఇంట్లోవాళ్లు ముందు అక్కడికే తిరిగొస్తారు. మైకులో చొక్కా రంగు చెప్పించాను గానీ చెప్పు సంగతి చెప్పనివ్వలేదు. ఎవరైనా వచ్చి మా పిల్లాడే అంటే, నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక గుర్తు మన దగ్గరే ఉండాలి కదా!

అరగంటకి ఒక ముసలమ్మ రొప్పుతూ వచ్చింది. నేను అడిగేలోపే కొంగులోంచి రెండో చెప్పు తీసింది. "నా మనవడు బాబూ, సెయ్యి జారిపోనాడు" అని ఏడ్చేసింది. వాడు అప్పటికే ఆమె మెడ వాటేసుకున్నాడు.

పిల్లాడి చేతి మీద ఫోన్ నంబరు రాయమని చెప్పి పంపాను. మర్నాడు నాకు జిలేబీ పొట్లం తెచ్చిచ్చింది. వాడి చేతి మీద పెన్నుతో పది అంకెలు ఉన్నాయి.